అండమాన్, కో టావో, మాల్దీవులు: మూడు చోట్లా స్కూబా చేసిన నా అనుభవం, ఖర్చులతో సహా

అండమాన్‌లో, థాయ్‌లాండ్ దీవి కో టావోలో, మాల్దీవుల్లో మూడు చోట్లా స్కూబా (ట్యాంకు తగిలించుకుని నీళ్ళ కింద డైవింగ్) చేశావు కదా, ఏది బాగుంది, మేం ఎక్కడికెళ్ళాలి అని ఆఫీసులో వాళ్ళూ చుట్టాలూ అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో రెండు నిమిషాల్లో తేలేది కాదని ఇలా రాస్తున్నా. చేపలు మూడు చోట్లా ఉన్నాయి, నీళ్ళు మూడు చోట్లా నీలంగానే ఉన్నాయి. నా విషయంలో తేడా అంతా వెళ్ళిన వరసలోనే ఉంది. మాల్దీవులకి ముందు వెళ్ళుంటే ఈపాటికి స్కూబా అన్న మాటెత్తితే పారిపోయేదాన్ని. ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

నేను పుట్టి పెరిగింది కాకినాడలో, సముద్రం పక్కనే, ఐనా ఈత నేర్చుకుంది మాత్రం హైదరాబాద్ వచ్చాక, కూకట్‌పల్లి దగ్గర ఒక పూల్‌లో, అదీ ముప్పై దాటాక. మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

2023 డిసెంబర్‌లో, అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు స్కూబా కోర్సు బుక్ చేశా, ఫిబ్రవరి రెండో వారానికి. సగం డబ్బు కట్టగానే వాళ్ళు ఆన్‌లైన్ పాఠాల లింకూ, ఒక మెడికల్ ఫారమూ పంపారు. పాఠాలు ఇంట్లోనే చదువుకోవచ్చు, వీడియోలు, మధ్యమధ్యలో చిన్న పరీక్షలు, ఆఫీసయ్యాక రోజూ ఓ గంట కూర్చుంటే రెండు వారాల్లో ఐపోయాయి. ఫారం దగ్గరే చిక్కొచ్చింది. పది ప్రశ్నలు, అవునా కాదా అని టిక్ పెట్టాలి. చివరి ప్రశ్న, డాక్టర్ రాసిన మందులు ఏమైనా వాడుతున్నారా అని. నాకు థైరాయిడ్ ఉంది, రోజూ పొద్దున్నే టాబ్లెట్. అవును అని టిక్ పెడితే డాక్టర్ సంతకం కావాలి, అది లేకుండా నీళ్ళలోకి దింపరు.

మన దగ్గర సగం మంది ఆడవాళ్ళకి థైరాయిడ్ టాబ్లెట్ ఉంటుంది కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తా. నేను ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ గారు ఫారం అటూ ఇటూ తిప్పి చూసి "నాకు డైవింగ్ గురించి ఏం తెలుసమ్మా, నేనెలా సంతకం పెట్టను" అన్నారు. ఆయన తప్పేం లేదు, హైదరాబాద్‌లో ఆ కాగితం ఎంతమంది తెచ్చి ఉంటారు. ఫారంతో పాటు డాక్టర్లు చదువుకోడానికి సూచనలు కూడా ఉంటాయి, అవి ప్రింట్ తీసి ఇంకో పెద్ద హాస్పిటల్‌కి పట్టుకెళ్ళా. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్ టెస్టు, ఈఎన్‌టీ చెకప్. ఈఎన్‌టీ ఆవిడ ముక్కు మూసుకుని గాలి ఊదమని, ఆ ఊదేటప్పుడు కర్ణభేరి కదులుతోందా లేదా అని చూశారు. అన్నీ కలిపి 3 వేలు దాటింది, సంతకం చేతికొచ్చేసరికి పది రోజులు పట్టింది. ఆఫీసులో ఒకతను "అదేం పట్టించుకోరు, అన్నిటికీ నో పెట్టేయ్" అన్నాడు. పెట్టకండి. మా బ్యాచ్‌లోనే పుణె అమ్మాయి ఒకావిడ, ఇన్‌హేలర్ వాడుతుందట, సంతకం లేకుండా వచ్చింది. తనని బోటు ఎక్కనివ్వలేదు, హేవ్‌లాక్‌లో ఆస్పత్రి చుట్టూ తిరిగి ఒకరోజు పోగొట్టుకుంది. ఆ సంతకం ఏడాది వరకే పనికొస్తుంది, అది కూడా గుర్తు పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి డైరెక్ట్ ఫ్లైట్, రెండున్నర గంటలు. (2024 సెప్టెంబర్‌లో దాన్ని శ్రీ విజయపురం చేశారు, టికెట్లు వెతికేటప్పుడు రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడొద్దు.) పొద్దున దిగి, హేవ్‌లాక్‌కి మధ్యాహ్నం 2 గంటల ఫెర్రీకి బుక్ చేశాం. జెట్టీకి వెళ్ళే ఆటో అబ్బాయి నేనూ మా ఆయనా తెలుగులో మాట్లాడుకుంటుంటే విని వెనక్కి తిరిగి "మీదెక్కడమ్మా" అన్నాడు. వాళ్ళ నాన్నోళ్ళు టెక్కలి కాడ నుంచి వచ్చేసినారట, తను మాత్రం ఇక్కడే పుట్టినాడట, ఇల్లు జంగ్లీఘాట్‌లో. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు, చేపల పనే ఎక్కువ. "ఏటమ్మా, డబ్బులిచ్చి మరీ సముద్రంలో మునుగుతారా" అని ఒకటే నవ్వు. వెళ్ళేటప్పుడు ఫెర్రీలో పైన నిలబడే ఛాన్స్ లేదు, ఏసీ హాల్లో మూసేసి కూర్చోబెట్టారు, అలలకి ముందు వరసలో ఇద్దరు కవర్లు తీశారు. గంటన్నర పైనే పట్టింది. వాంతుల టాబ్లెట్ ఎక్కడానికి అరగంట ముందే వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే ఏం లాభం ఉండదు.

ఇక కోర్సు. మొదటి రోజు క్లాసు, ఆ తర్వాత ఈత పరీక్ష, ఆగకుండా 200 మీటర్లు, స్పీడ్ ఎంతైనా పర్లేదు, తర్వాత పది నిమిషాలు ఏమీ పట్టుకోకుండా నీళ్ళ మీద తేలాలి. పూల్‌లో రోజూ చేసేదే, సముద్రంలో ఆ పది నిమిషాలు గడవవు. తర్వాత నడుం లోతు నీళ్ళలో ట్యాంకు తగిలించుకుని మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకోవడం. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ (ట్యాంకు నుంచి గాలి ఇచ్చేది) తీసేసి మళ్ళీ పెట్టుకోవడం నేను భయపడినంత కష్టం కాలేదు. కళ్ళూ ముక్కూ కప్పే మాస్కు దగ్గర నా పని ఐపోయింది.

చేయాల్సింది ఏంటంటే, మాస్కు పూర్తిగా తీసేసి, నీళ్ళలోనే కళ్ళు మూసుకునో తెరుచుకునో ఉండి, మళ్ళీ పెట్టుకుని, పైఅంచుని నుదుటికి నొక్కి పట్టి, తల కొంచెం పైకెత్తి ముక్కుతో గాలి వదిలితే లోపల నీళ్ళు కింద నుంచి బయటికి పోతాయి. చదివితే రెండు వాక్యాలు. మాస్కు తీయగానే ముక్కులోకి ఉప్పునీళ్ళు ఎక్కాయి, నోట్లో గాలి వస్తూనే ఉంది, కానీ ముక్కు దగ్గర నీళ్ళు తగిలేసరికి ఒళ్ళు మాట వినదు, లేచి నిలబడిపోయా. నిలబడితే నీళ్ళు నడుం దాకే. ఆ ఇన్‌స్ట్రక్టర్ నాసిక్ అమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్నది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మిగతా ఇద్దర్నీ ఒడ్డున కూర్చోబెట్టి నాకొక్కదానికే టైమిచ్చింది. "దీదీ, మాస్క్ తర్వాత సంగతి, ముందు మాస్కు లేకుండా ఊరికే కూర్చుని నోటితో ఊపిరి తీసుకో, లెక్కపెట్టుకో" అంది. అలా కూర్చున్నా చాలాసేపు. ఆ రోజు సాయంత్రం రూమ్‌లో బకెట్‌లో ముఖం పెట్టి స్నార్కెల్ గొట్టంతో ప్రాక్టీస్ చేస్తుంటే మా ఆయన వీడియో తీశాడు, డిలీట్ చేయించా. మర్నాడు పొద్దున వచ్చేసింది, ఎలా వచ్చిందో నాకే తెలీదు. ముగ్గురికి ఒక టీచర్ ఉన్నారు కాబట్టి వచ్చింది. కోర్సు బుక్ చేసేముందు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది అని. రూల్ ప్రకారం ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. ఎనిమిది మందిలో నేనైతే మాస్కు దగ్గరే ఇంటికొచ్చేసేదాన్ని.

రెండోది చెవులు. అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడేస్తాయి చూడండి, అదే ఇక్కడ మీటరు మీటరుకీ అవుతుంది, కాకపోతే పట్టించుకోకపోతే నొప్పి సూదిలా దిగుతుంది. పది మీటర్ల లోతుకే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. ముక్కు పట్టుకుని మెల్లిగా ఊదాలి, అదీ నొప్పి రాకముందే. నాకు ఎడమ చెవి నాలుగు మీటర్ల దగ్గర మొరాయించేది, అరమీటరు పైకొచ్చి మళ్ళీ ఊది దిగడం, అలా అందరికంటే చివర చేరేదాన్ని. జలుబుంటే మాత్రం దిగనివ్వరు, దిగకండి కూడా.

మొదటి డైవ్ రెండో నంబర్ బీచ్ ముందు నీమో రీఫ్‌లో. ఫొటోల్లో చూసినంత రంగులేం లేవు, ఇసక, అక్కడక్కడా పగడాలు, కొన్ని విరిగి ఉన్నాయి, నారింజ రంగు క్లౌన్ ఫిష్‌లు ఉన్న గుబురు దగ్గర ఆపి చూపించారు. నేను చేపల్ని చూశానంటే అబద్ధం, ట్యాంకులో గాలి ఎంతుందో చూపించే ప్రెజర్ గేజ్ చూసుకోవడం, ముందున్నావిడ ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు) చూసుకోవడం, ఇంతే. తర్వాత రోజు బోటులో వెళ్ళి అక్వేరియం అనే సైటులో దిగాక మొదటిసారి నా ఊపిరి చప్పుడు నాకు వినపడ్డం తగ్గింది, అప్పుడు చూశా. పసుపు చారల చేపలు గుంపుగా నా పక్కనుంచే పోయాయి, నన్నొక రాయి కిందే లెక్కేశాయి. చివరి డైవ్‌లో 18 మీటర్లు, ఓపెన్ వాటర్ వాళ్ళకి అదే హద్దు.

మా ఆయన కోర్సు చేయలేదు, డైవ్ మాత్రం ఒకటి చేశాడు, ఈత రాకపోయినా చేయిస్తారు, 12 మీటర్లు దాటరు, వెనకాల ఇన్‌స్ట్రక్టర్ ట్యాంకు పట్టుకుని నడిపిస్తాడు. ఫొటోలు వీడియోలు కలిపి 4,500. ఒడ్డుకొచ్చాక "బాగుంది, ఇక చాలు" అన్నాడు. అలాంటి వాళ్ళకి హేవ్‌లాకే కరెక్ట్, ఇంకెక్కడికీ పోనక్కర్లేదు.

అక్కడ చిన్నచిన్న విషయాలు కొన్ని ఎవరూ చెప్పలేదు. టైమ్ మన ఐఎస్‌టీనే కానీ సూర్యుడు మనకంటే చాలా ముందు, ఐదున్నరకి పూర్తిగా తెల్లారిపోతుంది, ఆరున్నరకల్లా బోటు, మధ్యాహ్నం ఒంటిగంటకి పనైపోతుంది, సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి. నైట్ లైఫ్ అనుకుని వెళ్తే ఏడింటికల్లా నిద్రొస్తుంది. ఇసక దోమలు కనపడవు, కుట్టినట్టు కూడా తెలీదు, మర్నాడు కాళ్ళ మీద దద్దుర్లు, వారం రోజులు దురద. ఆటు టైమ్‌లో కొన్ని బీచ్‌ల దగ్గర నీళ్ళు చాలా వెనక్కి పోతాయి, ట్యాంకు మోస్తూ రాళ్ళ మీద నడవాలి, బరువైన ఫిన్స్ చేత్తో పట్టుకుని. కొత్త మాస్కు అద్దం మీద టూత్‌పేస్ట్ రుద్ది కడిగితే ఆవిరి పట్టదు, రోజూ దిగేముందు బేబీ షాంపూ చుక్క. పొడుగు జుట్టున్నవాళ్ళు కొబ్బరినూనె రాసి గట్టిగా జడేసుకోండి, లేకపోతే మాస్కు స్ట్రాప్‌లో చిక్కుకుని ఊడొస్తుంది. పీరియడ్స్ వస్తే ఎలా అని నన్ను చాలామంది అడిగారు. మామూలుగానే డైవ్ చేయొచ్చు, షార్కులు వస్తాయన్నది ఉత్త మాట.

చివరి డైవ్ తర్వాత 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు, ఒంట్లో కలిసిన నైట్రోజన్ బయటికి పోవాలి. హేవ్‌లాక్‌లో దీనికి ఇబ్బంది లేదు, ఎలాగూ మర్నాడు ఫెర్రీలో వెనక్కి రావాలి కదా. జానీస్ గార్జ్ అని అక్కడ పేరున్న సైటు, లోతెక్కువ, తీసుకెళ్తారా అని అడిగితే మా నాసిక్ అమ్మాయి "అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి రండి దీదీ, అప్పుడు వెళ్దాం" అంది. ఆ మాట పట్టుకునే కో టావో వెళ్ళా.

నిజానికి అడ్వాన్స్‌డ్ కూడా అండమాన్‌లోనే చేద్దామనుకున్నా, కానీ నాకు సెలవు దొరికింది ఆగస్టులో, పంద్రాగస్టు గురువారం, శుక్రవారం ఒక లీవు పెట్టి పక్క వారం కూడా కలుపుకోవచ్చు. ఆగస్టులో అండమాన్‌లో వానాకాలం, బోట్లు ఎప్పుడు ఆపేస్తారో తెలీదు. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ వైపు కూడా అంతే, సిమిలాన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. కో టావో గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ వైపు ఉంది, అక్కడ వానలు అక్టోబర్, నవంబర్‌లలో. ఒకే దేశంలో రెండు వైపులా రెండు సీజన్లు, ఇది తెలీక జూలైలో ఫుకెట్ బుక్ చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. అప్పుడు వీసా గొడవ కూడా లేదు, ఆ జూలైలోనే మనవాళ్ళకి వీసా లేకుండా 60 రోజులు చేశారు.

ఈసారి మా ఆయన రానన్నాడు, ఆఫీసులో పనిచేసే అమ్మాయితో వెళ్ళా. ఆ దీవికి ఎయిర్‌పోర్ట్ లేదు. బ్యాంకాక్‌లో రాత్రి 9 గంటల బస్సు ఎక్కితే తెల్లవారుజామున చుంఫోన్ అనే ఊళ్ళో సముద్రం ఒడ్డున దింపుతారు, చెక్క బల్లల మీద కూర్చుని ఏడింటి పడవ కోసం ఎదురుచూపు, దీవి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. బస్సూ పడవా కలిపి రానూపోనూ 2,500 బాత్‌లు, అప్పుడు బాత్ రెండు రూపాయల నలభై పైసలు ఉంది. బస్సులో ఏసీ ఎంత చల్లగా ఉందంటే తెచ్చుకున్న చున్నీలు రెండూ కప్పుకున్నా పళ్ళు కొట్టుకున్నాయి, స్వెటర్ పెట్టుకోండి.

కో టావో ఊరంతా డైవింగే. రోడ్డుకి రెండు పక్కలా డైవ్ షాపులు, మధ్యలో మసాజ్, మధ్యలో పాన్‌కేక్ బండి. బోట్లు పెద్దవి, ఒక్కో దాంట్లో నలభై మంది దాకా ఎక్కిస్తారు, మీ ట్యాంకు మీద మీ నంబరు, మీ గ్రూపుకి ఒక రంగు, విజిల్ వేస్తే దూకడమే. ధర తక్కువ ఎందుకో అర్థమైంది. అడ్వాన్స్‌డ్ కోర్సు 9,500 బాత్‌లు, అంటే 23 వేలు, రెండు రోజుల్లో ఐపోతుంది, ఐదు డైవ్‌లు, అందులో లోతు డైవ్, దిక్సూచితో నేవిగేషన్ తప్పనిసరి, మిగతా మూడు మనిష్టం. రాత్రి డైవ్ తీసుకున్నా, ఓడ శిథిలం తీసుకున్నా, నీళ్ళలో కదలకుండా నిలబడే బోయన్సీ తీసుకున్నా. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు కూడా మా బోటులో చాలామంది ఉన్నారు, ఒక జర్మన్ కుర్రాడికి నాకులాగే మాస్కు రావట్లేదు, వాళ్ళ టీచర్‌కి అక్కడ ఆగే టైమ్ లేదు, తర్వాతి బోటుకి మారుస్తాం అన్నారు. నాకు హేవ్‌లాక్ గుర్తొచ్చింది. ఐతే ఒకటి ఒప్పుకోవాలి, నేర్చుకున్నాక ఎక్కువ డైవ్‌లు చేసి చెయ్యి తిరగాలంటే దీన్ని మించింది లేదు. ఫన్ డైవ్ (కోర్సు కాకుండా సరదాకి చేసే డైవ్) 1,000 బాత్‌లు, అంటే 2,400 రూపాయలు. హేవ్‌లాక్‌లో బోటు మీద రెండు డైవ్‌లకి 7,500 ఇచ్చా.

లోతు డైవ్ చుంఫోన్ పినాకిల్ అనే నీళ్ళ కింద రాతి శిఖరం దగ్గర. దిగేముందు ఇన్‌స్ట్రక్టర్ నా గోళ్ళ రంగు చూసి "ఇది కింద చూసుకో" అని సైగ చేశాడు. ఎర్ర నెయిల్ పాలిష్, మొన్ననే పెట్టుకుంది. కింద 28 మీటర్ల దగ్గర చెయ్యి చూసుకుంటే గోళ్ళు నల్లగా, చచ్చిన రక్తం రంగులో ఉన్నాయి, ఎరుపు అంత లోతుకి చేరదు. టార్చి వేస్తే మళ్ళీ ఎర్రగా వెలిగాయి. ఆ లోతులో గాలి కూడా పైనకంటే దాదాపు నాలుగు రెట్లు స్పీడుగా అయిపోతుంది, గేజ్ ముల్లు దిగడం కంటికి కనపడుతుంది. పెద్ద పెద్ద గ్రూపర్ చేపలు రాయి పక్కన నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. వేల్ షార్క్ (చేపలన్నిటిలోకీ పెద్దది) ఒక్కోసారి వస్తుందన్నారు, మాకు రాలేదు.

సత్తాకుట్ అని థాయ్ నేవీ పాత ఓడ, 2011లో కావాలనే ముంచారు, ఇప్పటికీ ముందు తుపాకీ అలాగే ఉంది, దాని మీద చిన్న చేపలు. అంతకంటే నాకు గుర్తుండిపోయింది టైటాన్ ట్రిగ్గర్ ఫిష్. ముప్పావు మీటరు దాకా పెరిగే పళ్ళ చేప, గూడు పెట్టిన టైమ్‌లో వెంటపడి కరుస్తుంది. పైకి పారిపోకూడదు, ఎందుకంటే దాని హద్దు గూడు నుంచి పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, అడ్డంగా ఈదుకుంటూ వెళ్ళాలి, ఫిన్స్ దానివైపు పెట్టి. క్లాసులో నవ్వుకుంటూ విన్నాం. వైట్ రాక్ అనే సైటు దగ్గర అది నిజంగానే మా ఫ్రెండ్ ఫిన్ కొరికింది, ప్లాస్టిక్ మీద పళ్ళ గాట్లు. తను బుడగలు బుడగలుగా అరిచింది, నాకు నవ్వాగక మాస్కులో నీళ్ళు, ఐతే ఈసారి మాస్కు ఖాళీ చేయడం చిటికెలో పని.

తిండి గురించి: శాకాహారులకి కష్టమే, కూరగాయల వేపుడు అంటే కూడా ఫిష్ సాస్ పడుతుంది. సాయిరీ బీచ్ వైపు ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి, పప్పు రెండొందల బాత్‌లు. మేం పులిహోర పొడి, కారప్పొడి పట్టుకెళ్ళాం, అన్నం ఒట్టిది దొరుకుతుంది. స్కూటర్ అద్దెకిచ్చే చోట పాస్‌పోర్ట్ అడుగుతారు, అది ఇవ్వకండి, డబ్బు డిపాజిట్ తీసుకునే షాపు వెతుక్కోండి, బండి నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఇంకొకటి, లోతు తక్కువ చోట్ల పగడాలు చాలావరకు పోయాయి, బూడిద రంగు నాచు పట్టి ఉన్నాయి. ఆ ఏడాది ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కి తెల్లబడ్డాయని, కొన్ని తేరుకోలేదని ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. ప్రపంచమంతా అదే పరిస్థితని ఏప్రిల్‌లో అమెరికా సముద్ర శాస్త్రవేత్తలు ప్రకటించింది అప్పుడే. హేవ్‌లాక్‌లో ఫిబ్రవరిలో చూసినవి ఇప్పుడెలా ఉన్నాయో అనిపించింది.

మాల్దీవులకి 2025 ఫిబ్రవరి, పెళ్ళిరోజుకి. మార్చి మొదట్లో రంజాన్ నెల మొదలవుతుంది కాబట్టి ముందే వెళ్ళొచ్చేద్దాం అనుకున్నాం. ఇంట్లో అందరూ లక్షద్వీప్ వెళ్ళొచ్చు కదా అన్నారు, నిజమే, కానీ అక్కడికి మనకి కూడా ముందస్తు పర్మిట్ కావాలి, రూమ్‌లు తక్కువ, కనుక్కునే ఓపిక లేక వదిలేశా. మాల్దీవులకి వీసా వెళ్ళాక ఊరికే ఇస్తారు, కానీ బయల్దేరే ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి, చెక్ఇన్ దగ్గర అడిగారు. రిసార్టు మా వల్ల కాదు. స్థానికులు ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి, మేం దక్షిణ అరి అటోల్‌లో (అటోల్ అంటే పగడపు దీవుల గుంపు) ధిగురా తీసుకున్నాం, మూడు కిలోమీటర్ల పొడుగుండే సన్నటి దీవి, చివర ఇసక తిన్నె. మాలే నుంచి స్పీడ్‌బోటులో రెండు గంటలు, మనిషికి రానూపోనూ 120 డాలర్లు, వెనక సీట్లో కూర్చోండి, ముందు కూర్చుంటే నడుం విరిగిపోతుంది. మందు దొరకదు, బికినీలు వాటికి కేటాయించిన బీచ్‌లోనే, ఊళ్ళో మామూలు బట్టలు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన దాకా అంతా మూసే ఉంటుంది, బోట్లు కూడా.

మొదటి డైవ్ ఎంత అనుభవం ఉన్నా చెక్ డైవ్, మన పనితనం చూశాకే మిగతా సైట్లకి తీసుకెళ్తారు. 30 మీటర్లు దాటడానికి చట్టం ఒప్పుకోదు. ఇక్కడిదాకా బానే ఉంది. రెండో రోజు కుడారా తిలా అనే చోటికి తీసుకెళ్ళారు. సముద్రం మధ్యలో నీళ్ళ కింద ఒక కొండ, దాని చుట్టూ ప్రవాహం. బోటులో ఉండగానే బీసీడీలో (గాలి నింపుకునే జాకెట్) గాలి పూర్తిగా తీసేసి, దూకగానే తలకిందులుగా దిగిపోవాలి, పైన తేలుతూ కూర్చుంటే కొండ తప్పిపోతుంది, ప్రవాహం బయటికి లాక్కుపోతుంది. నాలాంటి మొరాయించే చెవున్నవాళ్ళకి అది నరకం. ఎడమ చెవి ఊదుకుంటూ, కాళ్ళు ఆడిస్తూ, కొండ చాటుకి చేరి ఒక రాయి పట్టుకుని నిలబడేసరికి ట్యాంకులో మూడో వంతు గాలి ఐపోయింది. గైడ్ నా గేజ్ చూసి కళ్ళు పెద్దవి చేశాడు. మిగతావాళ్ళు ఇంకా కింద ఉండగానే నన్ను పైకి తీసుకొచ్చాడు, ఒంట్లో నైట్రోజన్ పోవడానికి ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి కదా, పట్టుకోడానికి తాడూ లేదు రాయీ లేదు, చుట్టూ నీలం, ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూనే ఆగాం, గైడ్ నారింజ రంగు బెలూన్ పైకి వదిలాడు, బోటు దాన్ని చూసుకుని వచ్చింది. భయమేసింది, దాచుకునేదేం లేదు. కానీ ఆ రెండు మూడు నిమిషాల్లో కొండ చాటు నుంచి చూసింది, నీలి గీతల పసుపు చేపలు గోడ కట్టినట్టు, వాటి వెనక షార్క్ ఒకటి తాపీగా తిరుగుతూ, అది హేవ్‌లాక్‌లో, కో టావోలో చూడలేదు. ప్రవాహం ఉన్నచోటే తిండి ఉంటుంది, తిండి ఉన్నచోటే పెద్ద చేపలుంటాయి.

ఇది నా మొదటి సముద్రం అయ్యుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

రంగలి మడివరు అనే సైటు దగ్గర మాంటాలు (రెక్కలున్న పెద్ద చేపలు) కనిపించాయి, డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడికి ఒళ్ళు శుభ్రం చేయించుకోడానికి వస్తాయి, చిన్న చేపలు వాటి మీద మురికి తినేస్తాయి. ఇసకలో వరసగా కూర్చుని కదలకుండా చూడాలి. నా తల మీద నుంచి ఒకటి పోయింది, రెక్కలు మా కారు వెడల్పు దాటి ఉంటాయి, పొట్ట కింద నల్ల మచ్చలు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా.

వేల్ షార్క్ మాత్రం నిరాశ. చేప గురించి కాదు, మనుషుల గురించి. ఆ తీరంలో ఏడాది పొడుగునా ఉంటాయి, మా ఆయన కూడా స్నార్కెల్‌తో చూడొచ్చని ఎక్సర్‌షన్ తీసుకున్నాం. ఒకటి కనపడిందనగానే ఎక్కడెక్కడి బోట్లూ వచ్చేశాయి, అందరూ దాని మీద దూకారు, నాకు ఎవరిదో ఫిన్ దవడకి తగిలింది. మూడు నాలుగు మీటర్లు దూరం ఉండాలని బోటులో చెప్పారు, నీళ్ళలో ఎవరూ పాటించలేదు. దాని తోక ఒక్కటి కనపడింది, లోతుకి పోయింది. మా ఆయన మాత్రం పూర్తిగా చూశానన్నాడు, నమ్ముతున్నా.

ఖర్చు చూసి నోరెళ్ళబెట్టా. డైవ్ 58 డాలర్లు అని వెబ్‌సైట్లో చూసి వెళ్ళా, దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద అప్పటి 16 శాతం ట్యాక్స్, అద్దె గేర్ కలిపితే 80 దాకా వచ్చింది, డాలర్ 87 రూపాయలు ఉన్న రోజుల్లో. రూమ్ మీద గ్రీన్ ట్యాక్స్ మనిషికి రోజుకి 6 డాలర్లు విడిగా, ఆ జనవరిలోనే 3 నుంచి పెంచారట. బుక్ చేసేటప్పుడు ట్యాక్సులన్నీ కలిపి రాతలో చెప్పమని అడగండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా ఉందో లేదో, ఎన్ని మీటర్ల దాకా ఉందో కూడా చదువుకోండి, నా దాంట్లో లేదు, డైవింగ్‌కి విడిగా తీసుకున్నా.

ఫ్లైట్‌కి ముందు ఆ 18 గంటల లెక్క ఇక్కడ బాగా గుచ్చుకుంది. ఆఖరి రోజు పొద్దున డైవ్ చేయడానికి లేదు, కానీ రూమ్ డబ్బులు మాత్రం కట్టాలి. ఆ రోజంతా ఇసక తిన్నె దాకా నడవడం, రావడం. ఇంటికొచ్చాక కుడి చెవిలో దురద, తర్వాత నొప్పి, ఈఎన్‌టీ ఆవిడ చూసి తడి వల్ల ఇన్‌ఫెక్షన్ అన్నారు, వారం చుక్కలు. డైవ్ అయ్యాక మంచినీళ్ళతో చెవి కడిగి తల వంచి ఆరబెట్టుకోవాలట, బడ్స్ పెట్టకూడదట.

డబ్బు లెక్క అడిగేవాళ్ళకి: హేవ్‌లాక్‌లో నా ఒక్కదానికి ఫ్లైట్, ఫెర్రీ, 32 వేల కోర్సు, రూమ్ వాటా అన్నీ కలిపి 68 వేలు. కో టావో 65 వేలు, అందులో అడ్వాన్స్‌డ్ కాక బోలెడు ఫన్ డైవ్‌లు కూడా ఉన్నాయి. మాల్దీవులు ఇద్దరికీ 2 లక్షల 40 వేలు, అందులో మా ఆయన నీళ్ళ కిందకి దిగిందే లేదు. జానీస్ గార్జ్ ఇంకా బాకీ ఉంది, మళ్ళీ ఫిబ్రవరిలో వెళ్దామంటే ముందు మాల్దీవుల క్రెడిట్ కార్డు ఈఎంఐ ఐపోనీ అంటున్నాడు.